నలభై పాస్‌పోర్టులు

యేసన్న కొట్టిన మొదటి దెబ్బకే దివాకర్ ముందు పన్ను ఊడి నాలుక మీద పడింది. ఉమ్మడానికి కూడా వ్యవధి దొరకలేదు. రెండో దెబ్బ చెవి మీద, మూడోది డొక్కలో. ఆ తర్వాత ఎవరు కొడుతున్నారో, ఎక్కడ తగులుతోందో తెలియలేదు. షార్జా కార్మికుల క్యాంపులో, ఆరు మంచాలున్న ఆ ఇరుకు గదిలో పదకొండు మంది అతని మీద పడ్డారు. ఒకడు బెల్టు తీసి బాదాడు. ఇంకొకడు అన్నం వండే గిన్నె ఎత్తి నెత్తిన కొట్టాడు. మంచం కిందికి దూరబోతే కాళ్లు పట్టి బయటికి ఈడ్చారు.

"రెండు నెల్ల నుంచి తెలుసంటప్పా ఈ నా కొడుక్కి! మన పక్కనే పండుకొని, మన కూడే తిని, ఒగ మాట చెప్పలేదు!"

చివరికి ఆపింది కూడా యేసన్నే. గిన్నె పట్టుకున్నవాడి చెయ్యి విరిచి వెనక్కి నెట్టి, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. రొప్పుతున్నాడు.

"సాలు. సస్తే వీని కోసం మనం జైల్లో కూర్చోవల్ల. వదిలిపెట్టండి."

దివాకర్ నేల మీద పడి అతని మొహంలోకి చూశాడు. తొమ్మిదేళ్లుగా ఇద్దరిదీ ఒకే గది. గ్రానైట్ ఫ్యాక్టరీలో ఒకే కోత మిషను. పగలు ఇతను నడిపితే, రాత్రి అతను. దివాకర్‌ది పామిడి దగ్గర పల్లె. పదెకరాల మెట్ట ఉన్నా, మూడేళ్లు వరసగా వేరుశనగ ఎండిపోతే విమానమెక్కాడు. యేసన్నది బత్తలపల్లె. అతనికి ఎండిపోవడానికి చేను కూడా లేదు. సొంత ఊళ్లలో ఉంటే ఒకరి ఇంట్లో ఒకరు కూర్చుని తినే రకాలు కాదు వాళ్లు. షార్జాలో మాత్రం ఒకే గిన్నెలో కలుపుకుని తిన్నారు. దివాకర్‌కు జ్వరమొచ్చి మూడు రోజులు లేవలేనప్పుడు, అతని పనికి కూడా యేసన్నే దిగి రాత్రీ పగలూ మిషను నడిపాడు.

అలాంటి యేసన్న ఇప్పుడు అతని వైపు చూడకుండా తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

జరిగింది ఇది. కార్మికుల పాస్‌పోర్టులన్నీ కంపెనీ బీరువాలోనే ఉండేవి. మూడేళ్లకొకసారి వీసా గడువు తీరడం, కంపెనీ వాళ్లే పొడిగించడం మామూలు. రెండుసార్లు అలాగే జరిగింది. 2003లో మూడోసారి రావాల్సింది. ఆ వేసవిలో మేనేజరు దివాకర్‌ను ఒక్కణ్ణే గదిలోకి పిలిచి తలుపు మూశాడు. ఆయనది మంగుళూరు. దివాకర్‌కు కన్నడం వచ్చు కాబట్టి ఇద్దరూ ఆ భాషలోనే మాట్లాడుకునేవాళ్లు.

ఓనర్లు ఒక నిర్ణయానికి వచ్చారని మేనేజరు చెప్పాడు. రాయి ఇండియా నుంచి రావడం, ఇక్కడ కోయడం, యూరప్‌కు పోవడం... మధ్యలో ఇక్కడెందుకు? అక్కడే కోస్తే ఇక్కడ ఒకడికిచ్చే జీతంతో అక్కడ ఐదారుగురు దొరుకుతారు. తాడిపత్రిలో భాగస్వామి కుదిరాడు. మిషన్లు విప్పి ఓడలో పంపిస్తారు. ఎవరి వీసాలూ పొడిగించరు.

"నువ్వు మిషన్లతో పాటు పోయి ఆడ ఫోర్‌మన్‌గా ఉండు. మీ ఊరి పక్కనే కదా, అదృష్టవంతుడివి," అన్నాడు. "కాకపోతే చేతిలో ఉన్న హోటల్ ఆర్డరు రెండు నెలల్లో పూర్తి కావాలి. అప్పటిదాకా ఎవ్వరికీ తెలియకూడదు. తెలిస్తే అందరూ ఎదురుగా ఉన్న కొత్త ఫ్యాక్టరీలోకి దూకుతారు."

ఎదురు ఫ్యాక్టరీ అప్పుడే తెరిచారు. మిషను పని తెలిసినవాళ్లను వీసా మార్పించి మరీ తీసుకుంటున్నారు. యేసన్న కూడా ఒకసారి అడిగాడు, "పోదామా దివాకరన్నా, జీతం ఎక్కువిస్తారంట" అని. "ఏంటికప్పా, ఈడ బాగానే ఉండాదిగా," అన్నాడు దివాకర్. ఆ మాట అన్నప్పుడు అతని చేతిలో రొట్టె ముక్క ఉంది. దాన్ని ఇద్దరూ తింటున్న గిన్నెలోనే ముంచుకున్నాడు.

చెబుదామని ప్రతిరోజూ అనుకునేవాడు. చెప్పకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. ఇంటికి పోతున్నానన్న సంతోషం, అది చేజారుతుందేమోనన్న భయం, అంతే. రెండు నెలలు అలా గడిచిపోయాయి. ఎదురు ఫ్యాక్టరీలో ఖాళీలు నిండిపోయిన వారానికి, మేనేజరు నలభై పాస్‌పోర్టులు బల్ల మీద పరిచి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఇచ్చేశాడు. నలభై ఒకటోది దివాకర్‌ది. అది బల్ల మీద లేదు. అదెక్కడని ఎవరో అడిగితే, దివాకర్‌కు రెండు నెలల కిందటే అంతా చెప్పానని మేనేజరు అనేశాడు.

మర్నాడు వాచిన మొహంతోనే దివాకర్ మిషన్ల బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

*

తాడిపత్రి ఊరి బయట, లారీల రోడ్డు పక్కన రేకుల షెడ్డు లేచింది. షార్జా వాళ్లకు కుదిరిన భాగస్వామి, ఆ షెడ్డు ఓనరు విష్ణువర్ధన్. వందల ఎకరాలు, సిమెంటు లారీలు, రెండు జీపులు, రాజకీయాల్లో పలుకుబడి ఉన్న కుటుంబం. ఆయన వెనక ఎప్పుడూ ఈరప్ప ఉండేవాడు. ఈరప్ప మాట తక్కువ మనిషి. అతను నడిచి వస్తుంటే టీ అంగడి దగ్గర కబుర్లు ఆగిపోయేవి.

షార్జాలో బ్లేడు చుట్టూ ఇనుప మూత ఉండేది. మూత తెరిస్తే మిషను దానంతటదే ఆగిపోయేది. దివాకర్ వాటిని బిగిస్తుంటే విష్ణువర్ధన్ వచ్చి చూశాడు.

"అదేంటికి?"

"బ్లేడుకు చెయ్యి తగలకుండా అన్నా. మూత లేస్తే మిషను ఆగిపోతాది."

"బండ మార్చినప్పుడల్లా మిషను ఆగితే దినానికి ఎన్ని కోస్తారు? తీసెయ్."

దివాకర్ తీసేశాడు.

ఊరివాళ్లకు మిషను కొత్త. వారానికో బ్లేడు విరుగుతుంటే, పని తెలిసినవాడు ఇంకొకడు కావాలని దివాకర్ అడిగాడు. అప్పటికే షార్జా నుంచి తిరిగొచ్చినవాళ్లు కొందరు గేటు దగ్గరికి వచ్చి పోతున్నారు. అది తాము నడిపిన మిషనేనని, తమను తీసుకోమని అడిగేవాళ్లు. విష్ణువర్ధన్ కాదనేవాడు. గల్ఫులో పనిచేసినవాళ్లు ఓవర్‌టైములూ సెలవులూ అంటారని, మిగతావాళ్లను చెడగొడతారని ఆయన భయం. ఇప్పుడు మాత్రం "ఒక్కణ్ణి తీసుకో. ఒక్కణ్ణే," అన్నాడు.

దివాకర్ యేసన్నకు కబురు పంపాడు.

వచ్చిన మనిషిని గుర్తుపట్టడం కష్టమైంది. వీసా లేకుండా షార్జాలో పని వెతుక్కుంటూ తిరిగి, పోలీసులకు దొరికి, నలభై రోజులు జైల్లో ఉండి, హవాయి చెప్పులతో విమానం దిగాడు యేసన్న. దవడలు లోపలికి పోయాయి. షార్జాలో వారానికి వచ్చింది ఇక్కడ నెలకు వస్తుందని దివాకర్ చెబితే తలూపాడు. ఇంకేదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పని మాట తప్ప ఇంగో మాట మాట్లాడొద్దు నాతో."

ఎనిమిది నెలలు అలాగే చేశారు. రోజుకు పది మాటలు. బండ, బ్లేడు, నీళ్లు, కరెంటు.

ఆ ఎండాకాలం ఒకరోజు పొద్దున తిప్పయ్య అనే కూలీ కోస్తున్న బండ మీద ఇరుక్కున్న రాతి చెక్కను తీయబోయాడు. షార్జాలో అయితే మూత ఎత్తగానే మిషను ఆగేది. ఇక్కడ ఎత్తడానికి మూతే లేదు. చొక్కా చెయ్యి బ్లేడుకు చిక్కింది. ఆ చొక్కాతో పాటు మోచెయ్యి లోపలికి పోయింది. అరుపు వినిపించేసరికే అయిపోయింది. బ్లేడు మీద పడే నీళ్లు ఎర్రగా మారి షెడ్డు గోడ పొడవునా చిమ్మాయి. యేసన్న ఎగిరి ఫ్యూజులు పీకేశాడు. దివాకర్ తన పంచె చించి తిప్పయ్య భుజం దగ్గర బిగించాడు. తెగిన చెయ్యి బండ మీదే ఉంది. వేళ్లు ఇంకా కదులుతున్నాయి. ఒక కుర్రవాడు దాన్ని చూసి అక్కడే వాంతి చేసుకున్నాడు.

లారీలో వేసి అనంతపురం ఆసుపత్రికి పంపించారు. తిప్పయ్య బతికాడు. కానీ ఆ లారీ గేటు దాటకముందే ఈరప్ప వచ్చి, మిషను కడిగి మళ్లీ వెయ్యమన్నాడు. ఆసుపత్రిలో ఎవరైనా అడిగితే తిప్పయ్య ఇక్కడ పనిచేసే మనిషి కాదని చెప్పమన్నాడు.

ఫ్యూజులు యేసన్న జేబులో ఉన్నాయి.

"మూతలు బిగించేదాంకా ఈ మిషను తిరగదు. తిప్పయ్య ఈడ పనిచేసినాడని రాసియ్యల్ల."

ఈరప్ప అతని చెంప పగలగొట్టాడు. యేసన్న కదల్లేదు. మళ్లీ కొట్టాడు. మూడోసారి చెయ్యెత్తేసరికి ముప్పై మంది కూలీలు చేతికి దొరికిన రాతి ముక్కలు పట్టుకుని చుట్టూ మూగారు. ఈరప్ప ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ, తొందరపడకుండా, జీపు వైపు నడిచాడు. ఆ రోజు నుంచి అందరూ గేటు ముందు కూర్చున్నారు. దివాకర్ మాత్రం వాళ్లతో కూర్చోలేదు, లోపలికీ పోలేదు. రోడ్డుకు అవతల టీ అంగడిలో ఉండిపోయాడు.

నాలుగో రోజు గేటు మీద నాటుబాంబు పడింది. ఒకతని కాలి మాంసం ఊడిపోయింది, ఇద్దరికి కళ్లలో ఇసుక కొట్టింది. అయినా ఎవరూ లేవలేదు. షార్జా నుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి. సరుకు ఎప్పుడొస్తుందని, రాకపోతే ఒప్పందం వేరేవాళ్లకు ఇస్తామని. ఆ సాయంత్రం విష్ణువర్ధన్ దివాకర్‌ను ఇంటికి పిలిపించాడు.

"వాడు నీ గదివాడంట కదా, షార్జాలో. రేపు పదకొండు గంటలకు పెన్న ఏట్లోకి తీసుకురా. మోటరు షెడ్డు దగ్గరికి. అన్న మాట్లాడతాడంట, మూతలు బిగిస్తాడంట అని చెప్పు. నువ్వు పక్కనుంటే నమ్ముతాడు."

"నువ్వొస్తావా అన్నా?"

విష్ణువర్ధన్ మెట్ల మీద కూర్చున్న ఈరప్ప వైపు చూశాడు.

ఇంటికి వచ్చాక దివాకర్ అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు. భార్య రేఖ అడిగి అడిగి విషయం రాబట్టింది. 

"ఒగసారి గమ్మునుంటివి," అంది. "ఇప్పుడు ఒగ మనిషి పానం అడుగుతాండారు. ఉద్యోగం పోతే పోనీలే. చేను ఉండాది, వానొచ్చినప్పుడే తిందాం. పోయి చెప్పు."

*

పొద్దున్నే దివాకర్ గేటు దగ్గరికి పోయి యేసన్నను పక్కకు పిలిచాడు. యేసన్న అయిష్టంగా లేచి వచ్చాడు.

"నిన్ను పెన్నలోకి తీసుకురమ్మన్నాడు. మాట్లాడేదానికి అని చెప్పమన్నాడు. మాటల్లేవు ఏమీ లేవు యేసన్నా, నరుకుతారు. పోవద్దు. ఈపొద్దే ఊరు ఇడిచి పో, నాలుగు దినాలు యాడన్నా ఉండు."

యేసన్న అతని కళ్లలోకి చూశాడు. క్యాంపు గదిలో కొట్టిన రోజు తర్వాత అలా చూడటం అదే మొదటిసారి.

"మాట్లాడతానన్నాడా? మూతలు బిగిస్తానన్నాడా?"

"అట్ల చెప్పమన్నాడు. అబద్ధం అది."

"నేను ఊరిడిస్తే వీళ్లంతా పొద్దుగూకేలోపల లేచిపోతారు. మిషను తిరుగుతాది. నీ ఫోర్‌మన్ కుర్చీ నీకుంటాది. అంతే కదా?"

"దేవుని తోడు యేసన్నా..."

"పదకొండుకా? యాడ?"

"పోవద్దంటాండా!"

"మోటరు షెడ్డు కాడనే కదా వాళ్లు కూర్చునేది. నాకు తెలుసులే." యేసన్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నువ్వు ఈడ బాగానే ఉండాది అంటే ఉన్నా. జైలుకు పోయినా. ఇప్పుడు పోవద్దంటాండావు. కాబట్టి పోతాండా."

కూలీల్లో ఇద్దరు వెంట వస్తామన్నారు. మాట్లాడటానికి పిలిస్తే గుంపుగా పోతే బాగుండదని వద్దన్నాడు.

దివాకర్ కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత షెడ్డులోకి పరుగెత్తి, బండలు దొర్లించే ఇనుప రాడ్డు తీసుకుని, ఏటి దారి పట్టాడు.

పెన్నలో నీళ్లు లేవు. కనుచూపు మేర ఇసుక, ఎండకు తెల్లగా మండుతోంది. మోటరు షెడ్డు దగ్గర ఈరప్ప, ఇంకొకడు నిలబడి ఉన్నారు. యేసన్న వాళ్లకు ఇరవై అడుగుల దూరంలో ఆగి, "అన్న యాడ?" అని అడగడం దివాకర్‌కు వినిపించింది. ఆ ప్రశ్నకు జవాబుగా ఈరప్ప వీపు వెనక నుంచి వేటకొడవలి తీశాడు.

యేసన్న వెనక్కి తిరిగి పరుగెత్తాడు. ఇసుకలో కాలు కూరుకుపోతోంది. రెండోవాడు పక్కనుంచి వచ్చి పిక్క మీద నరికాడు. బొక్కబోర్లా పడ్డాడు. ఈరప్ప మీదికి వచ్చి మెడకు గురిపెట్టి కొట్టాడు. యేసన్న దొర్లడంతో ఆ వేటు భుజంలో దిగింది. రెండోసారి కొడవలి పైకి లేచేసరికి దివాకర్ వాళ్లను చేరుకున్నాడు. రాడ్డు ఎత్తే సందు లేక, చెయ్యి అడ్డం పెట్టాడు. కుడిచేతి మూడు వేళ్లు తెగి ఇసుకలో పడ్డాయి. నొప్పి తెలియలేదు. వేళ్లు పడటం మాత్రం చూశాడు.

"పక్కకు పో దివాకర్! నీతో నాకేం పని లేదు!" అని అరిచాడు ఈరప్ప.

దివాకర్ పక్కకు పోలేదు. ఎడమచేత్తో రాడ్డు ఎత్తి ఈరప్ప తల మీద కొట్టాడు. బండకు సుత్తి తగిలినట్టు చప్పుడైంది. ఈరప్ప మోకాళ్ల మీద కూలబడ్డాడు. కొడవలి ఇంకా వదల్లేదు. దివాకర్ మళ్లీ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. ఆ మూడో దెబ్బ అవసరమా కాదా అన్నది తర్వాత ఎన్ని ఏళ్లు ఆలోచించినా అతనికి తేలలేదు. రెండోవాడు కొడవలి పారేసి ఏటి గట్టు ఎక్కి పారిపోయాడు.

ఇసుక ఎంత తాగినా రక్తం ఇంకా పారుతోంది. యేసన్న అరచేతులతో పాకి వచ్చి, తన తువ్వాలుతో దివాకర్ చేతికి కట్టు కట్టాడు.  

*

ఈరప్ప అదే రోజు చచ్చిపోయాడు. పారిపోయినవాడు పోలీసు స్టేషనుకు పోయి, దివాకరే ముందుగా మీద పడి చంపాడని ఫిర్యాదు ఇచ్చాడు. యేసన్నను నరికినందుకు వాడి మీద ఒక కేసు, ఈరప్పను చంపినందుకు దివాకర్ మీద ఒక కేసు. ఏట్లో ఏం జరిగిందో చెప్పగల సాక్షి యేసన్న ఒక్కడే.

నెలన్నర తర్వాత యేసన్న చంకలో కర్ర పెట్టుకుని, దివాకర్‌ను చూడటానికి జైలుకు వచ్చాడు. ఊచలకు అవతల కూర్చోవడానికే చాలాసేపు పట్టింది. నరం తెగి ఎడమకాలు చచ్చుబడింది.

"విష్ణువర్ధన్ మనిషిని పంపినాడు," అన్నాడు. "నువ్వే ముందు కొట్టినావని, నన్ను ఎవరు నరికినారో నేను చూల్లేదని చెప్పాలంట. చెప్తే మా తమ్మునికి షార్జా వీసా. ఆ కంపెనీతోనే మాట్లాడి తెప్పిస్తాడంట. మూడేళ్లకొగసారి పొడిగించేది కూడా చూసుకుంటాడంట."

"ఏం చెప్పినావు?" అని అడిగాడు దివాకర్.

"ఇంగా ఏం చెప్పలేదు. మా అమ్మ ఒప్పుకోమంటాది. తమ్ముడు ఏడుస్తాండాడు. ఏం చేస్తానో నాకే తెలీదు." ఊపిరి తీసుకున్నాడు. "కానీ నాకు తెలిసింది నీకు చెప్పల్లని వచ్చినా. నువ్వు నాకు చెప్పలేదు. నేను చెప్తాండా. అంతే."

లేచి కర్ర చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయాడు.

ఐదు నెలలకు దివాకర్‌కు బెయిలు వచ్చింది. విచారణ 2006లో అనంతపురం కోర్టులో మొదలైంది. అప్పటికి తాడిపత్రి షెడ్డు మూతపడింది. సరుకు ఆలస్యమైందని షార్జా వాళ్లు ఒప్పందం తెంపుకుని కోత పని చైనాకు ఇచ్చేశారు. మిషన్లను విష్ణువర్ధన్ వేరెవరికో అమ్మేశాడు.

యేసన్నను పిలిచినప్పుడు దివాకర్ తల ఎత్తలేదు. లాయరు అడుగుతున్నాడు, ఎవరు ముందు కొట్టారని.

"ఈరప్ప," అన్నాడు యేసన్న. "రెండోవాడు నా కాలు నరికినాడు. ఈరప్ప భుజం నరికినాడు. మళ్లా మెడ నరికేదానికి ఎత్తితే ఈయన చెయ్యి అడ్డం పెట్టినాడు. వేళ్లు పోయినాయి. అప్పుడు కొట్టినాడు. కొట్టకపోతే నేను లేను."

"మీరిద్దరూ పాత స్నేహితులు. అతణ్ణి కాపాడటానికి చెబుతున్నావు కదా?" అన్నాడు అవతలి లాయరు.

"స్నేహితులం కాదు సార్. షార్జాలో వీని పన్ను రాలగొట్టింది నేనే. మోసం చేసినాడు నన్ను. అది వేరే. ఏట్లో జరిగింది వేరే."

విష్ణువర్ధన్ పిలిపించిన సంగతి దివాకర్ కోర్టులో చెప్పాడు. ఆధారం లేదన్నారు. పారిపోయినవాడికి శిక్ష పడింది. తోటి మనిషి ప్రాణం కాపాడటానికే కొట్టాడని దివాకర్‌ను వదిలిపెట్టారు.

తీర్పు వినడానికి యేసన్న కూడా వచ్చాడు. కోర్టు మెట్లు దిగడానికి ఇబ్బంది పడుతుంటే దివాకర్ పోయి చెయ్యి అందించాడు. యేసన్న ఆ రెండు వేళ్ల చేతిని చూశాడు, పట్టుకోలేదు. కర్ర మీద బరువు వేసి ఒక్కొక్క మెట్టూ తనే దిగాడు.

"మీ తమ్ముడు..." అన్నాడు దివాకర్.

"ధర్మవరంలో మగ్గం పనికి పోతాండాడు. నాతో మాట్లాడ్డు."

"యేసన్నా, నేను ఆ రోజే చెప్పుంటే..."

"వద్దప్పా." యేసన్న గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "నా పానం కాపాడినావు, నిన్ను నేను జైలు నుంచి కాపాడినా. దాని మీదికి ఇంగేమీ పెట్టొద్దు. ఆ రెండు నెల్లు మాత్రం నేను మరిసిపోల్యా. మరిసిపోవల్లని కూడా లేదు నాకు."

బస్టాండులో బత్తలపల్లె బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు యేసన్న కర్ర అందుకుని పైకి లాగాడు. దివాకర్ కిటికీ కింద నిలబడి ఉన్నాడు. యేసన్న అవతలి వరసలో ఖాళీ సీటు చూసుకుని కూర్చున్నాడు.

బస్సు వెళ్లిపోయాక రేఖ వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. పామిడి బస్సుకు ఇంకా అరగంట ఉంది. ఎండలో నిలబడొద్దని, నీడకు రమ్మని పిలిచింది.